రంజీ వేస్ట్ అంటున్న తమ్ముడికి ఏం చెప్పాలి?

తెనాలి నుంచి ఒక అక్క రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి పెడుతున్నా.

"సార్, మా తమ్ముడికి 21 ఏళ్లు. రైట్ హ్యాండ్ బ్యాటర్, వన్ డౌన్ (మూడో నంబర్) ఆడతాడు. పోయిన సీజన్ లో అండర్ 23 ప్రాబబుల్స్ (తుది టీమ్ కి ముందు పిలిచే పెద్ద లిస్ట్) దాకా వెళ్లాడు, టీమ్ లో మాత్రం పేరు రాలేదు. అప్పట్నుంచి రెడ్ బాల్ (రంజీ లాంటి రోజుల తరబడి ఆడే ఆట) మానేస్తా, టీ20 ఒక్కటే ప్రాక్టీస్ చేస్తా అంటున్నాడు. రికీ భుయ్ అన్న రంజీలో 902 పరుగులు కొడితే ఇండియా టీమ్ లోకి ఎవరు పిలిచారు, నితీశ్ రెడ్డి ఒక్క ఐపీఎల్ ఆడాడు అదే ఏడాది టెస్టులు ఆడేశాడు, రంజీ వేస్ట్ అక్కా అంటున్నాడు. నేను ప్రైవేట్ హాస్పిటల్లో నర్సుని, వాడి ఖర్చు నాదే. ఇప్పుడు ముప్పై ఐదు వేల బ్యాట్ అడుగుతున్నాడు. డిగ్రీ చివరి ఏడాది పరీక్షలు కూడా రాయలేదు. వాడు చెప్పేది నిజమేనా? రంజీ ఫామ్ ని సెలెక్టర్లు నిజంగా చూస్తారా? నేను ఇంకా ఎన్నాళ్లు వాడి వెనక నిలబడాలి?"

అమ్మా, ముందు ఒక మాట. మీ తమ్ముడు అబద్ధం చెప్పట్లేదు. బాధలో సగం నిజం చెప్తున్నాడు, కాబట్టి "అదేం కాదురా, కష్టపడితే ఫలితం వస్తది" లాంటి మాటలు చెప్పి వాణ్ణి సముదాయించొద్దు, వాడు నమ్మడు, నమ్మాల్సిన అవసరం కూడా లేదు. 2023-24 రంజీ సీజన్ లో దేశం మొత్తం మీద ఎక్కువ పరుగులు కొట్టింది మన ఆంధ్రా కుర్రాడే, ఎనిమిది మ్యాచుల్లో 902. ఆ తర్వాత 2024 సెప్టెంబర్లో దులీప్ ట్రోఫీ మ్యాచులు మన అనంతపురంలో కూడా జరిగాయి, అక్కడ కూడా రికీయే టాప్ స్కోరర్. టెస్ట్ క్యాప్ రాలేదు. ఇది చూసి 21 ఏళ్ల పిల్లాడికి కడుపు మండటంలో తప్పేముంది, నాకే మండింది.

కానీ ఆ కథలో వాడు వదిలేసిన ముక్క ఒకటుంది. ఆ పరుగుల తర్వాతే, 2024 చివర్లో ఆస్ట్రేలియా వెళ్లిన ఇండియా ఎ, అంటే దేశం రెండో జట్టులో రికీ పేరు వచ్చింది. అంటే చూశారు. చూసి ఒక మెట్టు ఎక్కించారు. పై మెట్టు మీద ఖాళీ లేదు. అప్పుడు టెస్ట్ టీమ్ బ్యాటింగ్ ఒకసారి గుర్తు తెచ్చుకోమనండి, రోహిత్, జైస్వాల్, గిల్, కోహ్లీ, పంత్, రాహుల్, బయట సర్ఫరాజ్ కాచుక్కూచున్నాడు. ఇందులో ఎవర్ని తీసి పెడతారు?

మన ఇళ్లల్లో అందరికీ ఎంసెట్ అలవాటు కదా. ర్యాంక్ వస్తే కౌన్సెలింగ్ కి పిలుస్తారు, ర్యాంక్ ప్రకారం సీటు ఇస్తారు, మన కంటే వెనక ర్యాంక్ వాడికి ముందు సీటు ఇస్తే కోర్టుకి కూడా వెళ్లొచ్చు. రంజీని కూడా మనవాళ్లు అలాగే చూస్తారు, 902 అంటే ఫస్ట్ ర్యాంక్, ఫస్ట్ ర్యాంక్ వాడికి సీటు ఇవ్వకపోతే అన్యాయం అని. ఇండియా టీమ్ సెలెక్షన్ అలా నడవదమ్మా. అక్కడ ఉండేవి పదిహేను, పదహారు కుర్చీలు, ఒక్కో కుర్చీకి ఒక్కో పని. ఓపెనర్ కుర్చీ ఖాళీ అయితే ఐదో నంబర్ లో వెయ్యి పరుగులు కొట్టినవాడిని అక్కడ కూర్చోబెట్టరు. పరుగులు మనల్ని లైన్ లో ముందుకి తీసుకెళ్తాయి అంతే, కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందో మన చేతిలో ఉండదు.

మయాంక్ అగర్వాల్ సంగతి చూడండి. 2017-18 రంజీలో 1160 పరుగులు, ఆ సీజన్ దేశవాళీ మ్యాచులన్నీ కలిపితే రెండు వేల పైన. అంత కొట్టాక కూడా టెస్ట్ ఆడటానికి 2018 డిసెంబర్ దాకా ఆగాడు. ఎప్పుడొచ్చింది ఛాన్స్? విజయ్, రాహుల్ ఇద్దరూ ఆస్ట్రేలియాలో వరసగా ఫెయిలై, పృథ్వీ షా కాలికి దెబ్బ తగిలి ఇంటికెళ్లిపోయాక. మెల్బోర్న్ లో దిగి 76 కొట్టాడు. ఆ రోజు అవతలి ఎండ్ లో ఓపెనింగ్ కి దిగింది ఎవరో మీ తమ్ముణ్ణి అడగండి, మన కాకినాడ హనుమ విహారి. మిడిల్ ఆర్డర్ బ్యాటర్, ఫస్ట్ క్లాస్ లో (రంజీ లాంటి పెద్ద మ్యాచుల్లో) అరవైకి దగ్గర యావరేజ్ పెట్టుకుని టీమ్ లోకి వచ్చినవాడు, మిడిల్ లో చోటు లేక ఓపెనింగ్ చెయ్యమన్నారు. 66 బంతులాడి 8 పరుగులు. స్కోర్ కార్డు చూస్తే ఫెయిల్ అయినట్టే ఉంటది. కానీ కొత్త బంతిని అరిగించి వెళ్లాడు, తర్వాత పుజారా సెంచరీ కొట్టాడు, ఆ టెస్ట్ గెలిచాం. రెండేళ్లకి సిడ్నీలో తొడ కండరం పట్టేసి పరుగెత్తలేక 161 బంతులు నిలబడి టెస్ట్ కాపాడాడు. ఆ 23 నాటౌట్ నా దృష్టిలో తెలుగువాడు ఆడిన గొప్ప ఇన్నింగ్స్ లో ఒకటి, లక్ష్మణ్ 281 తర్వాత నేను చెప్పుకునేది అదే. అంత చేసినా 2022 జూలై ఎడ్జ్‌బాస్టన్ తర్వాత మళ్లీ పిలుపు రాలేదు.

ఇది చెప్పింది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. ఇండియా టీమ్ అనేదాన్ని గురిగా పెట్టుకుని ప్రతి ఏడాదీ లెక్క చూసుకుంటే ఎవడికైనా మతిపోతది. లెక్క వేరేచోట చూసుకోవాలి, దానికి తర్వాత వస్తా.

సెలెక్టర్లు రంజీ చూస్తారా అని అడిగారు. చూస్తారు, కానీ మనం అనుకున్నట్టు కాదు. 38 జట్లున్నాయి, అంటే ఒక రౌండ్ లో ఒకేసారి 19 మ్యాచులు 19 ఊళ్లల్లో జరుగుతుంటాయి. నేషనల్ సెలెక్టర్లు ఐదుగురు. ఐదుగురూ గ్రౌండ్ కి వెళ్లినా పద్నాలుగు మ్యాచులు కంటితో చూసేవాళ్లు లేరు. మిగతావి వీడియోలు, రిఫరీ రిపోర్టులు, బెంగళూరు అకాడమీ నుంచి వచ్చే సమాచారం, తర్వాత దులీప్, ఇండియా ఎ టూర్లు. అందుకే నేరుగా రంజీ నుంచి టెస్ట్ కి ఎగిరి దూకేవాళ్లు తక్కువ, మధ్యలో ఎ టూర్ అనే వడపోత ఉంటుంది.

పైగా పరుగులన్నీ ఒక్కటి కాదు. నేను ఇరవై ఏళ్లకి పైగా లీగ్ మ్యాచులకి స్కోరర్ గా కూర్చున్నానమ్మా, ఒక సెంచరీ రాసేటప్పుడు పెన్నుకి తేడా తెలీదు గానీ కళ్లకి తెలుస్తది. పొద్దున పూట తేమ ఉన్న పిచ్ మీద, ముగ్గురు మంచి సీమర్లని తట్టుకుని కొట్టిన 60 వేరు, మూడో రోజు మధ్యాహ్నం డ్రా అయిపోయిన మ్యాచ్ లో పార్ట్ టైమ్ బౌలర్ల మీద కొట్టిన 140 వేరు. మన హైదరాబాద్ తన్మయ్ అగర్వాల్ 2024 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్ మీద 366 కొట్టాడు, 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ, ఫస్ట్ క్లాస్ క్రికెట్లో ప్రపంచంలోనే అంత వేగంగా ఎవరూ కొట్టలేదు, 26 సిక్సులు. అద్భుతం, నేను ఆ స్కోర్ కార్డు మళ్లీ మళ్లీ చూసుకున్నా. కానీ అది ప్లేట్ గ్రూప్, అంటే కింది స్థాయి జట్ల గ్రూప్. ఇండియా టీమ్ లో చోటు కోసం ఆ ఒక్క ఇన్నింగ్స్ ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, తీసుకోకపోవడం అన్యాయం కూడా కాదు. ఎక్కడ కొట్టాడు, ఎవరి మీద కొట్టాడు, టీమ్ ఏ పరిస్థితిలో ఉండగా కొట్టాడు, ఎలా అవుటయ్యాడు, ఇవన్నీ చూస్తారు. మీ తమ్ముడు కూడా వాడి పరుగుల్ని ఇలా విడదీసి చూసుకోవాలి. ప్రాబబుల్స్ దాకా వెళ్లి ఆగిపోయాడు అంటే వాడి ముందున్న ఇద్దరు ముగ్గురు వన్ డౌన్ బ్యాటర్లు ఏం చేశారో చూశాడా? లేక తన పరుగులే చూసుకున్నాడా?

ఇక నితీశ్ సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్తా ఎందుకంటే మీ తమ్ముడి వాదన మొత్తం దీని మీదే నిలబడింది.

నితీశ్ ఐపీఎల్ వల్లే అందరి కంట్లో పడ్డాడు, నిజమే. 2024లో సన్ రైజర్స్ కి ఆడాడు, అక్టోబర్లో టీ20 ఇండియా క్యాప్, నవంబర్లో పెర్త్ లో టెస్ట్ క్యాప్. అప్పటికి వాడి ఫస్ట్ క్లాస్ బ్యాటింగ్ యావరేజ్ పాతికకి కూడా లేదు. మరి 902 కొట్టినవాడిని వదిలి వీణ్ణి ఎందుకు తీసుకున్నారు? కుర్చీ వేరు కాబట్టి. బ్యాటింగ్ చేస్తూ పేస్ బౌలింగ్ వేసే ఆల్ రౌండర్ మన దేశంలో దొరకడం చాలా కష్టం, హార్దిక్ టెస్టులు ఆడట్లేదు, ఆస్ట్రేలియాలో అలాంటివాడు కావాలి. రికీకి పోటీ నితీశ్ కాదు, నితీశ్ కి పోటీ రికీ కాదు. మీ తమ్ముడు బౌలింగ్ వేస్తాడా? వెయ్యకపోతే నితీశ్ దారి వాడి దారి కాదు.

రెండోది ఇంకా ముఖ్యం. నితీశ్ టీ20 పిల్లాడు కాదమ్మా. 2017-18లో అండర్ 16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1237 పరుగులు కొట్టాడు, అందులో నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్ లో 441. అది రోజుల తరబడి ఆడే ఆట, ఎర్ర బంతి. వాళ్ల నాన్న హిందుస్తాన్ జింక్ లో ఉద్యోగం వదిలేసి ఆ పిల్లాడి వెంట తిరిగింది ఆ రోజుల్లోనే. మెల్బోర్న్ లో డిసెంబర్ 2024లో ఆరు వికెట్లు పడిపోయిన టైమ్ లో ఎనిమిదో నంబర్ లో దిగాడు, వాషింగ్టన్ సుందర్ తో కలిసి వంద దాటిన పార్ట్‌నర్‌షిప్ పెట్టాడు, 99 మీద ఉండగా బుమ్రా అవుటైపోయాడు, చివరి బ్యాటర్ గా మన సిరాజ్ వచ్చాడు. కమిన్స్ మూడు బంతులు. ఆ మూడు బంతులు సిరాజ్ ఆపుతుంటే నేను టీవీ ముందు నుంచుని ఉన్నా, మా ఇంట్లో ఎవరూ ఊపిరి తియ్యలేదు. ఒక ఎండ్ లో వైజాగ్, ఇంకో ఎండ్ లో హైదరాబాద్. తర్వాతి ఓవర్లో బోలాండ్ ని ఫోర్ కొట్టాడు, బ్యాట్ నేలకి ఆన్చి దాని మీద హెల్మెట్ పెట్టి మోకాలి మీద కూర్చున్నాడు, స్టాండ్ లో వాళ్ల నాన్న ఏడుస్తున్నాడు. ఆ ఇన్నింగ్స్ 189 బంతులు, 114 పరుగులు. ఆ ఓపిక టీ20 నెట్స్ లో వచ్చిందా? పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు రెండు రోజులు వికెట్ మీద నిలబడటం అలవాటైన పిల్లాడు కాబట్టి వచ్చింది.

సిరాజ్ కూడా అంతే. 2016-17 రంజీలో హైదరాబాద్ కి 41 వికెట్లు తీశాడు, ఆ తర్వాత ఐపీఎల్ వేలంలో 2.6 కోట్లు పలికాడు. ముందు రంజీ, తర్వాత ఐపీఎల్. ఆటో నడిపే నాన్న కొడుకు 2025 ఆగస్టులో ఓవల్ లో ఆఖరి రోజు పొద్దున ఆరు పరుగుల తేడాతో టెస్ట్ గెలిపించాడంటే, ఐదు టెస్టులూ ఆడి ఆఖరి రోజు కూడా అదే పరుగు పరిగెత్తగలిగే ఒళ్లు ఎక్కడ తయారైందో మీ తమ్ముడికి అర్థం కావాలి.

కాబట్టి నా సమాధానం సూటిగా చెప్తున్నా, రెడ్ బాల్ మానెయ్యనివ్వొద్దు. టీ20 ఆడొద్దని కాదు, తప్పకుండా ఆడాలి, మన దగ్గర ఆంధ్రా ప్రీమియర్ లీగ్ కూడా ఉంది, అక్కడ ఆడే ఛాన్స్ వస్తే కళ్లకద్దుకుని తీసుకోవాలి. కానీ వన్ డౌన్ ఆడే 21 ఏళ్ల పిల్లాడు, డిఫెన్స్ మీద బతికేవాడు, ఆ డిఫెన్స్ ని పారేసి కొత్తగా సిక్సులు నేర్చుకుంటా అంటే, వంట బాగా వచ్చినావిడ ఆ పొయ్యి ఆర్పేసి పక్కింటి పొయ్యి మీద పోటీకి దిగినట్టు ఉంటది. సిక్సులు కొట్టేవాళ్లు దేశంలో చాలామంది ఉన్నారు. 2025 ఐపీఎల్ మెగా వేలానికి పేరిచ్చినవాళ్లు 1574 మంది, అమ్ముడైంది 182 మంది, అందులో 62 మంది విదేశీయులు. అంటే మనవాళ్లకి దొరికినవి 120. ఆ పేర్లు కూడా ఇంట్లో కూర్చుని ఇచ్చేవి కావు, స్టేట్ అసోసియేషన్ ద్వారా వెళ్లాలి. స్టేట్ లో పేరు లేకుండా ఐపీఎల్ కి దొడ్డిదారి ఉందనుకోవడం, ఎక్కడో ఒకరిద్దరి కథలు విని అనుకోవడమే.

మరి రంజీలో కొట్టినవాళ్లకి తలుపు తెరుచుకుంటుందా అంటే, తెరుచుకుంటుంది, లోపల ఎంతసేపు కూర్చోనిస్తారన్నది వేరే విషయం. సర్ఫరాజ్ ఖాన్ 2019-20లో 928, 2021-22లో 982 కొట్టాడు, అయినా టెస్ట్ క్యాప్ 2024 ఫిబ్రవరిలో రాజ్‌కోట్ లో వచ్చింది. రెండు ఇన్నింగ్స్ లోనూ ఫిఫ్టీలు, అదే ఏడాది బెంగళూరులో న్యూజిలాండ్ మీద 150. 2025 ఇంగ్లాండ్ టూర్ కి పేరు లేదు. అదే టూర్ కి కరుణ్ నాయర్ ఎనిమిదేళ్ల తర్వాత తిరిగొచ్చాడు, విదర్భకి ఆ సీజన్ రంజీలో 863 కొట్టి, విజయ్ హజారే వన్డే టోర్నీలో వరస సెంచరీలు కొట్టి వచ్చాడు. ఇంగ్లాండ్ లో ఒక్క ఫిఫ్టీ, తర్వాతి సిరీస్ లో మళ్లీ లేడు. చెన్నైలో 303 నాటౌట్ కొట్టినవాడికే ఇది జరిగింది. వాళ్లిద్దరూ ఏం తప్పు చేశారని నన్నడిగితే నా దగ్గర జవాబు లేదు. పరుగులు తీసుకెళ్లిన చోటికి పరుగులే తీసుకెళ్లాయి, ఇంక వేరే దారి అయితే వాళ్లకి లేదు కదా.

ఇక్కడ నాకు సెలెక్టర్ల మీద నిజంగా కోపం ఉన్న విషయం ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. తీసుకోకపోవడం తప్పు కాదు. ఎందుకు తీసుకోలేదో చెప్పకపోవడం తప్పు. 900 పరుగులు కొట్టినవాడికి ఒక ఫోన్ చేసి "నాయనా, నీ ఆఫ్ స్టంప్ బయట బంతి మీద మాకు అనుమానం ఉంది" అనో, "నీ ముందు ఇద్దరున్నారు, రెండు సీజన్లు ఆగు" అనో చెప్తే వాడికి పని దొరుకుతుంది. చెప్పకపోతే వాడు రాత్రంతా పైకప్పు చూస్తూ పడుకుంటాడు. నా సంగతే చెప్తా. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు జిల్లా జట్టు ప్రాబబుల్స్ లో పేరొచ్చింది, వారం క్యాంప్ చేశాం, చివరి రోజు నోటీసు బోర్డు మీద కాగితం అంటించి అందరూ వెళ్లిపోయారు, అందులో నా పేరు లేదు. ఎవర్ని అడగాలో తెలీదు. అడిగితే ఉన్న కాస్త అవకాశం పోతుందేమో అని భయం. నాలుగేళ్ల తర్వాత ఒకాయన మాటల మధ్యలో అన్నాడు, నీ త్రో బలంగా లేదని పక్కన పెట్టాం అని. త్రో! అది ఆరు నెలల్లో బాగుచేసుకునే విషయం. నాలుగేళ్లు నేను నా బ్యాటింగ్ గ్రిప్ మారుస్తూ కూర్చున్నా, బాగున్న దాన్ని పాడుచేసుకున్నా.

అందుకే మీ తమ్ముడు చెయ్యాల్సిన మొదటి పని, వెళ్లి అడగడం. కోపంగా కాదు, కంప్లైంట్ లాగా కాదు. ప్రాబబుల్స్ క్యాంప్ లో ఉన్న కోచ్ దగ్గరికో, జిల్లా నుంచి వెళ్లిన సెలెక్టర్ దగ్గరికో ఒక్కడే వెళ్లి, "సార్, నేను ఎందుకు రాలేదు అని అడగట్లేదు, వచ్చే సీజన్ కి నేను ఏ రెండు విషయాలు బాగుచేసుకోవాలో చెప్పండి" అని అడగమనండి. అలా అడిగితే చాలామంది చెప్తారు. మీరు వెంట వెళ్లొద్దు, వాడే వెళ్లాలి.

ఇప్పుడు డబ్బు సంగతి, ఎందుకంటే మీరు నైట్ డ్యూటీలు చేసి పంపిస్తున్న డబ్బు అది. రంజీ అంటే ఇండియా టీమ్ కి వెయిటింగ్ రూమ్ అనుకుంటున్నాడు మీ తమ్ముడు. అది ఒక ఉద్యోగం కూడా. బోర్డు 2021లో పెంచిన లెక్క ప్రకారం సీనియర్ టీమ్ లో కొత్తగా ఆడేవాడికి రోజుకి 40 వేలు, 20 మ్యాచులు దాటితే 50 వేలు, 40 దాటితే 60 వేలు. నాలుగు రోజుల మ్యాచ్ అంటే కొత్తవాడికి కూడా లక్షా అరవై వేలు. లీగ్ దశలో ఏడు మ్యాచులు, అన్నీ ఆడితే పదకొండు లక్షల పైన. రిజర్వ్ లో కూర్చున్నా సగం. అండర్ 23కి రోజుకి 25 వేలు. ఇండియా క్యాప్ లేకుండా ఇరవై ఏళ్లు గౌరవంగా ఆడి బతికినవాళ్లు ఉన్నారు. అమోల్ మజుందార్ 11 వేల పైన ఫస్ట్ క్లాస్ పరుగులు కొట్టాడు, ఒక్క మ్యాచ్ కూడా ఇండియాకి ఆడలేదు, చివరి రోజుల్లో మన ఆంధ్రాకి కూడా ఆడాడు. 2025 నవంబర్లో మన అమ్మాయిలు వరల్డ్ కప్ గెలిచినప్పుడు కోచ్ ఆయనే, ఆ టీమ్ లో కడప శ్రీచరణి 14 వికెట్లు తీసింది.

అందుకని లెక్క ఎక్కడ చూసుకోవాలి అంటే, పై మెట్టు దగ్గర చూసుకోవాలి. వాడికి ఇప్పుడు పై మెట్టు ఇండియా కాదు, రంజీ కూడా కాదు, అండర్ 23 పదకొండు మందిలో ఒకడవ్వడం. ఆ టోర్నీ పేరు సి.కె. నాయుడు ట్రోఫీ, మన మచిలీపట్నం వాళ్ల కుటుంబం మనిషి, ఇండియా మొదటి టెస్ట్ కెప్టెన్, ఆ పేరు మీద ఆడేదాన్ని వేస్ట్ అంటుంటే నా మనసు ఒప్పుకోవట్లేదు. మీరు ఎన్నాళ్లు నిలబడాలి అన్నారు కదా, నేనైతే రెండు సీజన్లు అంటా. అండర్ 23 వయసు దాటేలోపు వాడికి రెండు సీజన్లే ఉన్నాయి. ఈ రెండింటిలో అండర్ 23 టీమ్ లో చోటు సంపాదించి ఒక సీజన్ మొత్తం ఆడితే, ఇంకా నిలబడండి. ప్రాబబుల్స్ దాకా కూడా వెళ్లకుండా కిందకి జారితే, అప్పుడు కూర్చుని మాట్లాడండి. ఈ గడువు మీరు మనసులో పెట్టుకోవద్దు, వాడికి ఇప్పుడే చెప్పండి, చెప్పకుండా దాచి రెండేళ్ల తర్వాత ఒక్కసారి చెప్తే వాడికి మీరు కూడా ఆ నోటీసు బోర్డు లాగే కనిపిస్తారు.

డిగ్రీ పరీక్షలు రాయించండి. ఇందులో బేరం లేదు. రైల్వేస్ లోనో, బ్యాంకులోనో, పోస్టల్ లోనో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తే ఆట కూడా సాగుతుంది, మీ మీద బరువూ తగ్గుతుంది, చాలా నోటిఫికేషన్లలో ఆట సర్టిఫికెట్ తో పాటు డిగ్రీ కాగితం కూడా అడుగుతారు. మధ్యాహ్నం ఎండలో నెట్స్ ఉండవు, ఆ మూడు గంటలు చదువుకోమనండి.

ఇంకో పని. ఒక నోట్ బుక్ కొనివ్వండి, బ్యాట్ కంటే ముందు. పోయిన సీజన్ లో వాడు అవుటైన ఇన్నింగ్స్ అన్నీ గుర్తు తెచ్చుకుని రాయమనండి, ఎన్ని బంతులాడాడు, ఏ బౌలర్, ఎలాంటి బంతి, ఏ షాట్, టీమ్ స్కోర్ ఎంత. పాత స్కోర్ షీట్లు జిల్లా అసోసియేషన్ దగ్గర ఉంటాయి, స్కోరర్ ని మర్యాదగా అడిగితే ఫొటో తీసుకోనిస్తాడు, నేను ఎంతోమందికి ఇచ్చా. పదిహేను, ఇరవై ఇన్నింగ్స్ రాసేసరికి ఏదో ఒకటి బయటపడుతుంది. ముప్పైల్లో అవుటవుతున్నాడా, స్పిన్ వచ్చిన మొదటి రెండు ఓవర్లలోనా, లంచ్ ముందా. నా స్కోర్ బుక్కుల్లో చూసిన కుర్రాళ్లలో బాగా ఆడుతూ ఆగిపోయినవాళ్లు ఎక్కువమంది ముప్పై నుంచి యాభై మధ్యలో ఆగిపోయినవాళ్లే. 38లు, 44లు సెలెక్టర్ కంటికి ఆనవు, అదే వాడు వాటిలో మూడింటిని 110 చేస్తే నోటీసు బోర్డు మీద పేరు మారుతుంది.

బ్యాట్ విషయం. ముప్పై ఐదు వేలది వద్దు. ఆ ధరలో సగం గ్రెయిన్స్ (చెక్క మీది గీతలు) చూడటానికి అందంగా ఉన్నందుకే కడతాం. పదిహేను నుంచి పద్దెనిమిది వేల మధ్య మంచి ఇంగ్లిష్ విల్లో బ్యాట్ దొరుకుతుంది, వాడినే వెంట తీసుకెళ్లి చేతిలో పట్టుకుని బరువు చూసుకోమనండి, స్టిక్కర్ చూసి కాదు. కొన్నాక వెంటనే మ్యాచ్ కి తీసుకెళ్లకుండా, పల్చగా నూనె రాసి ఒక రోజంతా పడుకోబెట్టి, చెక్క సుత్తితో ఐదారు గంటలు ఓపిగ్గా నాకింగ్ చెయ్యాలి, అంటే బ్యాట్ గట్టిపడేలా మెల్లగా కొట్టాలి, ముందు అంచులు, తర్వాత మధ్య భాగం, తర్వాత పాత బంతితో నెట్స్. షాపువాడు మెషీన్ నాకింగ్ చేసిస్తా అంటాడు, అది చేయించినా ఇంట్లో చేత్తో కొట్టాల్సింది కొట్టాల్సిందే. ఆ పని వాణ్ణే చెయ్యనివ్వండి, రోజుకో గంట చొప్పున, మీరు డ్యూటీ నుంచి వచ్చాక పక్కన కూర్చుని ఇదంతా చదివి వినిపించండి.